తెలుగు పదాన్ని అక్షరాల జాబితాగా విడదీయడం: పైథాన్‌లో చేసే పద్ధతి

ఒక పదాన్ని దానిలోని అక్షరాల జాబితాగా మార్చడానికి పైథాన్‌లో ఒక్క ఆదేశం చాలునని ప్రోగ్రామింగ్ పాఠాలన్నీ చెబుతాయి. ఆంగ్ల పదాల విషయంలో అది నిజమే. కానీ తిరుపతిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న విద్యార్థి అదే ఆదేశానికి తన ఊరి పేరును తెలుగులో ఇచ్చినప్పుడు, నాలుగు అక్షరాల పేరుకు ఏడు ముక్కలు వస్తాయి. వాటిలో మూడు ఏ హల్లుకూ అంటకుండా విడిగా నిలబడిన గుడులూ కొమ్ములూ కావడంతో తన ప్రోగ్రాములో ఏదో తప్పు దొర్లిందని ఆ విద్యార్థి అనుకుంటాడు. ప్రోగ్రాములో తప్పేమీ లేదు. యంత్రం లెక్కపెట్టేది ఒకటి, మనం పలకమీద దిద్దుకున్న అక్షరం మరొకటి. ఈ రెండింటి మధ్య దూరాన్ని మన ప్రోగ్రామే పూడ్చాలి. అది ఎలా చేయాలో ఇక్కడ మొదటి నుంచి వివరిస్తాను.

ముందుగా రాత పద్ధతి గురించి ఒక మాట. పైథాన్ ఆదేశాల పేర్లను నేను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. కంప్యూటరులో వాటిని ఆంగ్ల చిన్నక్షరాలలో టైపు చేయాలి. మనం పెట్టుకునే పేర్లను మాత్రం, అంటే పదం, ముక్కలు, గుర్తు వంటివాటిని, ఇక్కడ ఉన్నట్టే తెలుగులో ఉంచుకోవచ్చు. పైథాన్ 3 నుంచి చరరాశులకూ ఫంక్షన్లకూ తెలుగు పేర్లు పెట్టడానికి అనుమతి ఉంది. కొత్తగా నేర్చుకునేవారు ఈ సౌకర్యాన్ని వాడుకుంటే ఏది భాష ఇచ్చిన మాటో, ఏది తాము పెట్టిన పేరో చూడగానే తెలుస్తుంది కనుక నేను దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను.

మొదటి ప్రయత్నం ఇది.

పేరు = "తిరుపతి"
లిస్ట్(పేరు)

జవాబుగా వచ్చే జాబితా: ['త', 'ి', 'ర', 'ు', 'ప', 'త', 'ి']

చాలామంది ఇక్కడ లిస్ట్‌కు బదులు స్ప్లిట్ ప్రయత్నిస్తారు. స్ప్లిట్ పని వేరు: కుండలీకరణాలలో ఏమీ ఇవ్వకపోతే అది వాక్యాన్ని ఖాళీల దగ్గర కోసి పదాల జాబితా ఇస్తుంది. ఖాళీ కొటేషన్లు ఇచ్చి అక్షరాలుగా కోయమంటే పైథాన్ ఒప్పుకోదు, విభజన గుర్తు ఖాళీగా ఉందని వాల్యూ ఎర్రర్ చూపి ఆగిపోతుంది. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ కొటేషన్లతో స్ప్లిట్ పనిచేస్తుంది కాబట్టి అక్కడి అలవాటుతో వచ్చినవారికి ఈ తికమక ఎక్కువ.

ఏడు ముక్కలు ఎందుకు వచ్చాయో చూద్దాం. కంప్యూటర్ల కోసం ప్రపంచ లిపుల గుర్తులకు సంఖ్యలు కేటాయించే ప్రమాణం యూనికోడ్. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. ప్రతి అచ్చుకూ ప్రతి హల్లుకూ అందులో ఒక సంఖ్య ఉంది. గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, కొమ్ముదీర్ఘం, ఏత్వం వంటి గుణింతపు గుర్తులకూ, సున్నాకూ, పొల్లుకూ కూడా విడివిడిగా సంఖ్యలు ఉన్నాయి. 'తి' అనే అక్షరానికి మాత్రం సొంత సంఖ్య లేదు: అది 'త' సంఖ్య అయిన 3108, దాని వెంట గుడి సంఖ్య అయిన 3135. పైథాన్‌లో ఆర్డ్ అనే ఆదేశానికి ఏ గుర్తు ఇచ్చినా దాని సంఖ్య చెబుతుంది, సీహెచ్‌ఆర్ అనే ఆదేశానికి సంఖ్య ఇస్తే గుర్తు చూపుతుంది. ఊరి పేరులోని ప్రతి ముక్కమీదా ఆర్డ్ నడిపి చూడడం ఈ పాఠంలో తప్పనిసరిగా చేయవలసిన పని. లిస్ట్ ఆదేశం చేసేదల్లా ఈ సంఖ్యలున్న గుర్తులను ఒక్కొక్కటిగా విడదీయడమే.

ఒత్తుల సంగతి ఇంకా ఆసక్తికరమైనది. ఒత్తుకు కూడా యూనికోడ్‌లో విడి సంఖ్య లేదు. 'త్త' అని తెరమీద కనిపించే అక్షరం నిజానికి త, పొల్లు, త అనే మూడు గుర్తుల వరుస. పొల్లు తర్వాత హల్లు వస్తే దాన్ని ఒత్తుగా కింద గీయాలన్నది ఫాంటు చూసుకునే పని. అందుకే 'చిత్తూరు'ను లిస్ట్‌కు ఇస్తే చ, గుడి, త, పొల్లు, త, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము అని ఎనిమిది ముక్కలు వస్తాయి. మనం చదివే అక్షరాలు మూడు: చి, త్తూ, రు.

దీనివల్ల నష్టం ఏమిటో తెలియాలంటే ప్రోగ్రామింగ్ తరగతులన్నిటిలోనూ ఇచ్చే ఒక అభ్యాసాన్ని తెలుగులో చేసి చూడాలి. ముందు నుంచి చదివినా వెనుక నుంచి చదివినా ఒకేలా ఉండే పదాన్ని గుర్తించమంటారు. మనకు వెంటనే స్ఫురించే పదం వికటకవి. వి, క, ట, క, వి: అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఒక్కటే. కానీ లిస్ట్‌తో విడదీసి, తిప్పి, పోల్చే ప్రోగ్రాము 'కాదు' అంటుంది. దాని లెక్కలో ఆ పదం వ, గుడి, క, ట, క, వ, గుడి. తిప్పితే మొదట గుడి వస్తుంది, ఆ తర్వాత వ వస్తుంది. పదం మొదట్లోనే హల్లు లేని గుడి నిలబడుతుంది, చివర 'క'కు అక్కర్లేని గుడి తగిలి 'కి' అవుతుంది, 'వి' కావలసినది ఒట్టి 'వ'గా మిగులుతుంది. ఇంకా ప్రమాదకరమైన విషయం ఏమిటంటే, అదే ప్రోగ్రాముకు జలజ, కనక, నటన వంటి పదాలు ఇస్తే సరైన జవాబే వస్తుంది. వాటిలో గుణింతపు గుర్తులు లేవు కనుక గుర్తుల లెక్కా అక్షరాల లెక్కా ఒకటే అవుతాయి. ఇలాంటి పదాలతో మాత్రమే పరీక్షించి ప్రోగ్రాము సిద్ధమైందని అనుకోవడం వల్లే తెలుగు సాఫ్ట్‌వేర్లలో ఈ లోపం చాలాకాలం దాగి ఉంటుందని నా అభిప్రాయం. పరీక్షకు కునుకు, పులుపు, వికటకవి వంటివి తప్పక ఉండాలి.

అక్షరాలుగా విడదీయడం ప్రతిచోటా అవసరం కాదన్నదీ గుర్తుంచుకోవాలి. ఒక పదంలో పొల్లు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించాలన్నా, కీబోర్డు తయారుచేస్తున్నా లిస్ట్ ఇచ్చే జాబితాయే సరైనది. ఫైలులో ఎంత చోటు పడుతుందో తెలియాలంటే బైట్ల లెక్క కావాలి. యూనికోడ్ గుర్తులను బైట్లుగా నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది, కాబట్టి 'తిరుపతి'కి 21 బైట్లు, 'చిత్తూరు'కు 24. సీ భాషలో స్ట్రింగ్ పొడవు అడిగితే వచ్చే సంఖ్య ఇదే. గళ్ళనుడికట్టు, పదాల ఆట, పద్యంలో గణవిభజన, పేరులోని మొదటి అక్షరాన్ని మాత్రమే చూపే గుండ్రటి బొమ్మ, పొడవైన పేరును మధ్యలో తెంచి చూపే తెర: వీటన్నిటికీ మాత్రం మనం చదివే అక్షరమే కావాలి.

ఇక అసలు పద్ధతి. పదంలోని గుర్తులను మొదటి నుంచి ఒక్కొక్కటిగా చూస్తూ, ప్రతి గుర్తు దగ్గరా ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇది కొత్త అక్షరాన్ని మొదలుపెడుతుందా, ఇంతకుముందు వచ్చిన అక్షరంలో చేరుతుందా? చేరే సందర్భాలు ముఖ్యంగా రెండు (కంటికి కనిపించని మరో గుర్తు సంగతి తర్వాత చెబుతాను). గుర్తు గుణింతపు గుర్తో, సున్నానో, విసర్గో, పొల్లో అయితే అది ముందున్న అక్షరంలో చేరుతుంది. గుర్తు హల్లు అయి, ముందున్న ముక్క పొల్లుతో ముగిసి ఉంటే ఆ హల్లు ఒత్తుగా అందులోనే చేరుతుంది. తక్కిన ప్రతి గుర్తూ కొత్త ముక్కకు మొదలు.

మొదటి సందర్భానికి ఒక్కొక్క గుర్తు సంఖ్యనూ పట్టికగా రాసుకోనక్కరలేదు. పైథాన్‌తో పాటే వచ్చే యూనికోడ్‌డేటా అనే మాడ్యూలులో కేటగిరీ అనే ఆదేశం ఉంది. అది గుర్తు ఏ వర్గానికి చెందినదో రెండక్షరాల ఆంగ్ల సంకేతంతో చెబుతుంది. హల్లులకు, అచ్చులకు 'ఎల్ఓ' వస్తుంది. గుడికి, పొల్లుకు 'ఎంఎన్' వస్తుంది. కొమ్ముకు, సున్నాకు 'ఎంసీ' వస్తుంది. అంటే సంకేతం మొదట ఆంగ్లపు పెద్దక్షరం 'ఎం' ఉంటే చాలు, అది తగులుకొని ఉండే గుర్తు. హల్లులు 'క' నుంచి 'హ' వరకు, అంటే 3093 నుంచి 3129 వరకు వరుసగా ఉన్నాయి. దంత్య చకార జకారాలైన ౘ, ౙ మాత్రం విడిగా 3160, 3161 స్థానాలలో ఉన్నాయి. పాత గ్రంథాలను ఎక్కించేవారికి అవి కూడా కావాలి.

ఇంపోర్ట్ యూనికోడ్‌డేటా

పొల్లు = సీహెచ్‌ఆర్(3149)
విడగొట్టు = సీహెచ్‌ఆర్(8204)

డెఫ్ హల్లేనా(గుర్తు):
    రిటర్న్ "క" <= గుర్తు <= "హ" ఆర్ గుర్తు ఇన్ "ౘౙ"

డెఫ్ అక్షరాలు(పదం):
    పదం = యూనికోడ్‌డేటా.నార్మలైజ్("ఎన్ఎఫ్‌సీ", పదం)
    ముక్కలు = []
    ఫర్ గుర్తు ఇన్ పదం:
        తగిలేదే = యూనికోడ్‌డేటా.కేటగిరీ(గుర్తు)[0] == "ఎం"
        ఇఫ్ ముక్కలు అండ్ (తగిలేదే ఆర్ గుర్తు == విడగొట్టు):
            ముక్కలు[-1] += గుర్తు
        ఎలిఫ్ ముక్కలు అండ్ ముక్కలు[-1].ఎండ్స్‌విత్(పొల్లు) అండ్ హల్లేనా(గుర్తు):
            ముక్కలు[-1] += గుర్తు
        ఎల్స్:
            ముక్కలు.అపెండ్(గుర్తు)
    రిటర్న్ ముక్కలు

కొటేషన్లలో ఉన్న 'ఎం', 'ఎన్ఎఫ్‌సీ' అనే వాటిని ఆంగ్ల పెద్దక్షరాలలో టైపు చేయాలి. ప్రతి షరతులోనూ మొదట 'ముక్కలు' అని అడగడం వ్యర్థం కాదు. ఎవరైనా పొరపాటున గుణింతపు గుర్తుతో మొదలయ్యే పదాన్ని ఇస్తే, ఖాళీ జాబితాలో చివరి ముక్క కోసం వెతికి ప్రోగ్రాము కూలిపోకుండా ఆ మాటే కాపాడుతుంది.

దీన్ని 'చిత్తూరు' మీద కాగితంపై నడిపి చూడడం మంచిది. చ వచ్చింది, జాబితా ఖాళీ, కనుక కొత్త ముక్క. గుడి తగిలే గుర్తు, చేరి 'చి' అయింది. త వచ్చింది, చివరి ముక్క గుడితో ముగిసిందే గాని పొల్లుతో కాదు, కనుక కొత్త ముక్క. పొల్లు తగిలే గుర్తు, ముక్క 'త్' అయింది. మళ్ళీ త వచ్చింది. ఈసారి చివరి ముక్క పొల్లుతో ముగిసింది, వచ్చినది హల్లు, కనుక రెండో షరతు పనిచేసి 'త్త' అయింది. కొమ్ముదీర్ఘం చేరి 'త్తూ' అయింది. ర కొత్త ముక్క, కొమ్ము చేరి 'రు'. మూడు ముక్కలు. మూడు హల్లులు కలిసే అక్షరాలలో కూడా ఇదే షరతు రెండుసార్లు పనిచేస్తుంది కాబట్టి వాటికోసం వేరే ఏర్పాటు అవసరం లేదు.

చుట్టుపక్కల ఊళ్ళ పేర్లే మంచి పరీక్షా పత్రం. శ్రీకాళహస్తిలో గుర్తులు 12, అక్షరాలు 5: శ్రీ, కా, ళ, హ, స్తి. చంద్రగిరిలో గుర్తులు 9, అక్షరాలు 4. సున్నా 'చ'తోనే ఉండి 'చం' కావాలి, 'ద్ర' విడిపోకూడదు. కుప్పంలో గుర్తులు 6, అక్షరాలు 2. పలమనేరులో మొదటి మూడూ ఒట్టి హల్లులు, గుర్తులు 7, అక్షరాలు 5. వీటన్నిటితోపాటు ఒక నియమాన్ని ప్రతి పదంమీదా పరీక్షించాలి: వచ్చిన ముక్కలన్నిటినీ జాయిన్ ఆదేశంతో తిరిగి కలిపితే మొదటి పదమే అచ్చంగా రావాలి. ఒక్క గుర్తు తగ్గినా పెరిగినా విభజనలో ఎక్కడో లోపం ఉన్నట్టే.

ఫంక్షన్ మొదట్లో ఉన్న నార్మలైజ్ ఎందుకో చెప్పాలి. ఐత్వం గుర్తును యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం వెంట మరో చిన్న గుర్తును చేర్చి రెండుగా. తెరమీద రెండూ ఒకటే. 'రైలు' అనే పదం మొదటి పద్ధతిలో నాలుగు గుర్తులు, రెండో పద్ధతిలో ఐదు. మన విభజన రెండింటినీ రై, లు అనే రెండు ముక్కలుగానే కోస్తుంది, కానీ ఒక 'రై'ని మరొక 'రై'తో పోల్చితే యంత్రం అవి వేరంటుంది. నార్మలైజ్ అన్నిటినీ ఒకే రూపానికి తెస్తుంది. ముక్కలను కలిపి చూసే పరీక్షలో కూడా నార్మలైజ్ చేసిన పదంతోనే పోల్చాలి.

ఇక 8204 అనే సంఖ్య. కంటికి కనిపించని ఈ గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. 'సాఫ్ట్‌వేర్' అని టైపు చేసినప్పుడు ట్ తర్వాత వే ఒత్తుగా మారకుండా ఆపేది ఇదే. అది ఉన్నప్పుడు మన ఫంక్షన్ దాన్ని ముందున్న ముక్కలో చేరుస్తుంది. అప్పుడు ఆ ముక్క పొల్లుతో ముగియదు కనుక తర్వాతి 'వే' కొత్త అక్షరంగా మొదలవుతుంది. సా, ఫ్ట్, వే, ర్ అని నాలుగు ముక్కలు వస్తాయి. టైపు చేసినవారు ఆ గుర్తును వదిలేస్తే 'వే' కూడా లోపలికి పోయి మూడే వస్తాయి. తెలుగులో రాసే చాలా ఆంగ్ల పదాలలో ఇది ఎదురవుతుంది, కాబట్టి ఆసుపత్రుల పేర్లో కంపెనీల పేర్లో ఉన్న జాబితాలతో పనిచేసేవారు దీన్ని తేలికగా తీసుకోకూడదు.

సిద్ధంగా దొరికే సాధనాలూ ఉన్నాయి. పైథాన్‌కు విడిగా దొరికే రెగెక్స్ అనే మాడ్యూలులో వెనుకగీతతో పెద్దక్షరపు 'ఎక్స్' రాస్తే యూనికోడ్ నిర్వచించిన అక్షర సముదాయం ఒక్కొక్కటిగా వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఇంటిల్ సెగ్మెంటర్ ఉంది. స్విఫ్ట్ భాషలో మామూలు అక్షరమే ఈ సముదాయం. రూబీలో గ్రాఫీమ్ క్లస్టర్స్ అనే ఆదేశం ఆ పని చేస్తుంది. అయితే వీటిని వాడే ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. యూనికోడ్ నియమావళి ప్రకారం చాలాకాలం పొల్లు దగ్గరే సముదాయం ముగిసేది. అంటే చిత్తూరు చి, త్, తూ, రు అని నాలుగుగా విడిపోయేది. 2023లో వచ్చిన 15.1 సంచికలో కొత్త నియమం చేర్చి, తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపులలో సంయుక్తాక్షరం విడిపోకుండా చేశారు. మీ దగ్గరున్న సాధనం పాత నియమంతో నడుస్తోందో కొత్తదానితో నడుస్తోందో 'చిత్తూరు' ఇచ్చి చూస్తే వెంటనే తేలిపోతుంది. ఒకే ప్రోగ్రాము రెండు కంప్యూటర్లలో రెండు జవాబులు ఇచ్చే అవకాశం ఉన్నంతకాలం, తెలుగు మాత్రమే విడదీయవలసిన పనికి పై ఫంక్షన్‌ను సొంతంగా ఉంచుకోవడమే మేలని నేను భావిస్తాను. ఎమోజీలు కూడా కలిసిన సందేశాలకు మాత్రం సిద్ధ సాధనాలే సరి.

ఆ 2023 నాటి జాబితాలో కన్నడం లేదు. కుప్పం, పలమనేరు వైపు పనిచేసేవారికి కన్నడ పేర్లు తరచు ఎదురవుతాయి కాబట్టి ఇది వారికి ముఖ్యం. ఊరట ఏమిటంటే యూనికోడ్‌లో తెలుగు ముగిసిన వెంటనే, 3200 దగ్గర, కన్నడం మొదలవుతుంది. రెండు లిపుల అమరిక దాదాపు ఒకటే: మన పొల్లు 3149 అయితే కన్నడ పొల్లు దానికి 128 కలిపితే వచ్చే 3277. హల్లుల హద్దులకు కూడా 128 కలిపితే ఈ ఫంక్షన్ కన్నడానికి పనికొస్తుంది. తమిళంలో ఒత్తులు కింద చేరవు కనుక, క్ష, శ్రీ వంటి ఒకటి రెండు మినహా, రెండో షరతును తీసివేస్తే సరిపోతుంది.

విడదీసిన జాబితాతో చేయదగిన పనులలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గురులఘువుల గుర్తింపు. దీర్ఘం, ఏ, ఓ, ఐ, ఔ స్వరాలు, సున్నా, విసర్గ ఉన్న ముక్క గురువు, అదే పదంలో తర్వాతి ముక్క మధ్యలో పొల్లు ఉంటే, అంటే అది సంయుక్తమో ద్విత్వమో అయితే, ముందున్నది గురువు, తక్కినది లఘువు. పొల్లుతోనే ముగిసే ముక్కను మాత్రం ఛందస్సులో విడి అక్షరంగా లెక్కించరు, దాన్ని ముందు ముక్కలో కలిపి ఆ ముక్కను గురువుగా తీసుకోవాలి. ఈ నియమాలతో 'తిరుపతి' ఇస్తే నాలుగూ లఘువులే వస్తాయి. అది నల గణం. 'చిత్తూరు' ఇస్తే, 'త్తూ' వల్ల 'చి' గురువవుతుంది, 'త్తూ' దీర్ఘం వల్ల గురువు, 'రు' లఘువు. అది త గణం. రెండూ ఇంద్ర గణాలే. లిస్ట్ ఇచ్చిన ఏడు, ఎనిమిది ముక్కల జాబితాలతో ఈ లెక్క ఎప్పటికీ కుదరదు.

ఎంత బాగా రాసినా జవాబు వింతగా వస్తే, ప్రోగ్రాముకన్నా ముందు దానికి ఇచ్చిన పాఠ్యాన్ని అనుమానించాలి. విండోస్‌లో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పకపోతే ఒక్కో తెలుగు గుర్తు మూడేసి విచిత్రమైన గుర్తులుగా విడిపోవచ్చు. ఓపెన్ ఆదేశంలో ఆ మాట తప్పక రాయాలి. రెండోది డీటీపీ కేంద్రాల నుంచి వచ్చే పాఠ్యం. పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు చేసేచోట నేటికీ అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్ళు ఉంటాయి. వాటిలో తెలుగు కనిపిస్తున్నా లోపల ఉన్నవి ఆంగ్లం తదితర గుర్తుల సంఖ్యలే. వాటి స్థానాల్లో తెలుగు ఆకారాలను గీసి పెట్టారు. అలాంటి పాఠ్యంలో మొదటి గుర్తుమీద ఆర్డ్ నడిపితే 3072కూ 3199కూ మధ్య సంఖ్య రాదు. అప్పుడు దాన్ని మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ సున్నాలూ సరిగా వచ్చాయో లేదో ఒకసారి కంటితో చదివి చూసుకొని, ఆ తర్వాతే 'అక్షరాలు' ఫంక్షన్‌కు ఇవ్వాలి.